ఏడో మలుపు ఎర్రదీపం

మా కాపురం కొత్తలో నాకూ మా బావకూ మధ్య ఏడు మలుపులూ ఒక ఎర్రదీపమూ ఉండేవి.

కొత్తలో అంటున్నాను గానీ ఇప్పటికీ కొత్తే. పెళ్ళై ఇంకా ఏడాది నిండలేదు. నడుస్తుంటే నా మెట్టెల చప్పుడు విని, ఎవరో వస్తున్నారనుకుని నేనే వెనక్కి తిరిగి చూస్తుంటాను. పెళ్ళికి కొన్న స్టీలు గ్లాసుల మీద 'గజేంద్ర, మంజువాణి' అని చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించారు. కాఫీ తాగేటప్పుడు ఆ పేర్లు నా వైపుకు వచ్చేలా తిప్పి పట్టుకుంటాను.

ఒక్కదాన్నే తాగిన కాఫీలే ఎక్కువ.

మా ఊరు కోనమిట్ట. మదనపల్లె నుంచి వచ్చే రోడ్డు కొండ కింద దాకా చదునుగా వచ్చి, అక్కణ్ణుంచి ఏడు మలుపులు తిరుగుతూ పైకి ఎక్కుతుంది. ఏడో మలుపును ఆనుకుని మా ఇల్లు, దాని వెనక ఊరు. బావ సాయంత్రం బస్సు నడుపుతాడు. పట్నంలో బయల్దేరి, పొద్దుగూకేవేళకు కొండెక్కి, రాత్రికి మా ఊళ్ళోనే ఆగి, తెల్లవారి మళ్ళీ దిగిపోయే బస్సు. "నైట్ హాల్టు డ్రైవరుకిస్తే పిల్ల రోజూ మొగుడి మొహం చూస్తాది" అని మా నాన్న సొంత అక్క కొడుక్కే నన్నిచ్చాడు. నాన్న ఊహలో స్తంభాలు లేవు.

ఆ ఘాట్లో ప్రతి చలికాలమూ ఎవరో ఒకరు పోయేవారు. మంచు ఒక కారణం. తడిసిన తారు ఒకటి. ఇంకొకటి మా ఉలవలు. మా వైపు ఉలవచెట్లు పీకి రోడ్డు మీద పరుస్తారు. బండ్లు తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది, కొట్టే కష్టం తప్పుతుంది. సాయంత్రానికి ఊడ్చుకున్నా సగం గింజలు తారు మీదే ఉండిపోతాయి. వాటి మీద టైరు పడితే గోళీల మీద కాలు పడ్డట్టే. అందుకని ప్రభుత్వం వాళ్ళు మా పెళ్ళికి కాస్త ముందు మలుపు మలుపుకూ ఒక స్తంభం, కొండ కింద చదునులో ఇంకొకటి పాతించారు. మనిషెత్తు ఇనప స్తంభం, నడుమ చిల్లుల డబ్బా, పైన గాజు కన్ను, దాని మీద దీపం. కింద మొదటి మలుపు దగ్గర గేటు.

దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు జీపు ఆగింది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడ దిగి మంచినీళ్ళడిగింది. హైమవతి మేడం. ఆ స్తంభాలు ఆవిడ కనిపెట్టినవే. ఏడో మలుపు స్తంభం పక్కన వేసిన రేకుల షెడ్డు ఆవిడ ప్రయోగశాల. నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివానని మాటల్లో వచ్చేసరికి సగం తాగిన గ్లాసు గట్టు మీద పెట్టేసింది.

"అయితే రా. చెప్పడం దేనికి, చూపిస్తాను."

షెడ్డులో తెర మీద ఒకే ఒక్క అంకె ఉంది. ఎండ కాస్తున్న వేళ కాబట్టి అది చాలా చిన్నగా, కునుకు తీస్తున్నట్టు ఉంది. మేడం లోపల కూర్చుని, ఒక బిందెడు నీళ్ళు మలుపులో పొయ్యమంది. పోశాను. "పెరిగింది!" అని లోపల్నుంచి అరిచింది. దోసెడు ఉలవలు చల్లమంది. చల్లాను. "ఇంకా పెరిగింది!" ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

"ఇప్పుడు నువ్వే నిలబడు."

కొంగు నడుముకు దోపుకుని ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డాను.

"కొంచెం పెరిగింది. దారిలో మనిషుంటే అంతే, మామూలే."

రానున్న గంటలో ఈ దారిలో ఒక ప్రాణం పోయే అవకాశం ఎంతో ఆ అంకె చెబుతుందట. హద్దు దాటితే అన్ని స్తంభాల మీదా ఎర్రదీపం వెలుగుతుంది, కింద గేటు పడుతుంది. అంకె తగ్గేదాకా ఏ బండీ కొండెక్కకూడదు.

"ఏ కారణం వల్ల పెరిగిందో చెబుతుందా మేడం?"

"చెప్పదు. ఇన్నేళ్ళ ప్రమాదాలన్నీ దానికి నేర్పాను. రోజూ ఎక్కే దిగే బండ్లను చూసి తనంతట తాను కూడా నేర్చుకుంటోంది. దేనికీ దేనికీ ముడి పెడుతుందో నాకే తెలీదు. మనిషి పోతాడని చెబుతుంది, ఎందుకు పోతాడో చెప్పదు."

మర్నాటి నుంచి ఆవిడకు సాయానికి కుదిరాను. పగలు షెడ్డులో పని, సాయంత్రం మలుపులో పని. మలుపులో పనంటే బావ కోసం నిలబడటం.

చలి మొదలుకాని రోజుల్లో ఆ నిలబడటం ఎంత బాగుండేదో. మా అవ్వ ఇచ్చిన కిరసనాయిలు లాంతరు చేతిలో పట్టుకుని, మలుపు గోడ పక్కన నిలబడేదాన్ని. టార్చీ వెలుగు తెల్లగా ఉంటుంది, ఎవరిదైనా కావచ్చు. పసుప్పచ్చ లాంతరు మాత్రం కొండ మొత్తానికీ నాదొక్కటే. కింద చదునులోకి వచ్చేసరికే బావకు అది కనిపించేది. లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించేవాడు. ఒక్కో మలుపు దగ్గరా బస్సు కనబడి, మాయమై, ఇంకాస్త పెద్దదై మళ్ళీ కనబడేది. బస్సు దిగేవాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటూ పోయేవాళ్ళు. నాకేం సిగ్గనిపించేది కాదు. ఆ లాంతరు వెలుగులోనే ఇద్దరం ఇంటికి నడిచేవాళ్ళం. పట్టుమని ఇరవై అడుగులుండదు ఆ దూరం. అందులోనే ఊరి కబుర్లన్నీ చెప్పేసేదాన్ని.

మంచు మొదలయ్యాక ఎర్రదీపం వెలగడమూ మొదలైంది.

మొదట్లో అప్పుడప్పుడూ. తర్వాత రోజూ. పగలంతా మామూలుగా ఉండే అంకె, సరిగ్గా బావ బస్సు కొండ కిందికి వచ్చే వేళకు ఎగబాకేది. గేటు పడేది. ప్రయాణికులు దిగి అడ్డదారిన టార్చీలు వేసుకుంటూ పైకి నడిచి వచ్చేవాళ్ళు. బస్సును వదిలి డ్రైవరు రాకూడదు. బావ రాత్రికి బస్సులోనే పడుకుని, తెల్లవారి ప్రయాణికులు మళ్ళీ నడిచి దిగితే వాళ్ళను ఎక్కించుకుని పట్నం వెళ్ళిపోయేవాడు.

నడిచి వచ్చినవాళ్ళ చేతిలో నాకేదో ఒకటి వచ్చేది. ఒకరోజు నూనె మరకల కాగితంలో చల్లారిపోయిన పకోడీ. ఒకరోజు మూరెడు కనకాంబరాలు. ఒకసారి రెండు చెవిపిన్నులు, ఒట్టివే, కాగితానికి గుచ్చి.

"రోజూ మోయలేమమ్మా మీ కాపరాన్ని, ఒకేసారి సంచికెత్తి ఇమ్మని చెప్పు మీ ఆయనకు" అని ఒక పెద్దాయన ఆయాసపడుతూ విసుక్కున్నాడు. పకోడీ ఒకటి ఆయనకే పెట్టాను.

మా ఇంట్లో ఫోను సిగ్నలు ఉండదు. మలుపులోనే దొరుకుతుంది. కాబట్టి ఎర్రదీపం వెలిగినా నేను అక్కడే, లాంతరుతో. కింద మంచులో రెండు మసక దీపాలు.

"ఏం చేస్తా ఉండావ్?" అనేవాడు బావ.

"నిన్ను చూస్తా ఉండా."

"ఈ మంచులో నేనేం కనపడతా?"

"నీ లైట్లు కనపడతా ఉండాయి కదా. ఎడమది కొంచెం మసగ్గా ఉంది."

"తుడిచేకి టైమెక్కడ?"

"నా వైపుండేది అదే. తుడువు."

నిజంగానే దిగి తుడిచేవాడు. ఆ దీపం ముందు ఒక నీడ అటూ ఇటూ ఊగేది. ఆ నీడే నా మొగుడు. దాన్ని చూసి ఇంటికొచ్చి, ఇద్దరికని వండిన అన్నంలో సగం పొద్దున్నే చద్దిగా తినేదాన్ని. ఏ పక్కకు పడుకున్నా మంచం పెద్దదిగానే ఉండేది.

ఒకసారి జాకెట్లు కుట్టించుకోవాలని మధ్యాహ్నం ఆటోలో మదనపల్లె వెళ్ళాను. రాత్రికి అక్కడే మా పుట్టింట్లో ఉంటానని బావకు పొద్దున్నే ఫోనులో చెప్పాను. ఆ సాయంత్రం మంచు అంతే ఉంది. ఉలవలూ అంతే ఉన్నాయి. కానీ ఎర్రదీపం వెలగలేదు. బస్సు నింపాదిగా కొండెక్కింది. బావ వచ్చి తాళం వేసిన ఇంటి ముందు నిలబడ్డాడు. పక్కింటి మునెమ్మ పిలిచి సంగటి పెట్టిందట.

"బలే పెండ్లామివి" అన్నాడు మర్నాడు ఫోనులో. "ఇంట్లో ఉన్న రోజు రానీవు. నన్ను రప్పించి నువ్వు లేచిపోతావు."

"నేనేం చేసినా బావా? దానికే మనమంటే పడదు."

నవ్వుకున్నాం. అందులో చూడాల్సిందేదో ఉందని, స్టాటిస్టిక్స్ చదివిన నాకు కూడా తట్టలేదు.

మునెమ్మకు నా మీద ప్రేమ జాస్తి. చేలో పని, ఉలవలు, రెండు గొర్రెలు, ఒంటి బతుకు. రోజూ లాంతరు పట్టుకుని నిలబడే నన్ను చూసి ఆమె పేగు కదిలిపోయేది.

"అమ్మణ్ణీ, ఆ కంబానికి ఏదో కోపముండాది. ఊరోళ్ళు ఒక టెంకాయన్నా కొట్టినారా? పసుపన్నా పెట్టినారా? ఊరికే తెచ్చి పాతేసినారు."

"అది మిషను పెద్దమ్మా."

"మిషనైతే మాత్రం? కొత్త మోటారు బిగిస్తే పసుపు కుంకం పెట్టమా? నీ మొగుడు నడిపే బస్సుకు నిమ్మకాయ కట్టరా?"



శుక్రవారం పొద్దున్నే, నేను లేవకముందే, మునెమ్మ తలస్నానం చేసి వచ్చి స్తంభానికి పూజ చేసింది. అడుగున వేపమండ కట్టింది. దాని ఒళ్ళంతా కడిగింది. స్టూలేసుకుని ఎక్కి, పైనున్న గాజు కంటికి నిండుగా పసుపు మెత్తి, మధ్యలో రూపాయంత కుంకుమ బొట్టు పెట్టింది. దేవతకు పెట్టినట్టే పెట్టింది. మేడం ఆ రోజు పట్నంలో ఉంది. నేను చూసి నవ్వుకున్నాను. సాయంత్రం మేడం వచ్చాక కడగొచ్చులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే బొట్టు పెట్టుకున్న స్తంభం చూడటానికి బాగుంది కూడా.

సాయంత్రం మంచు దిగింది. మేడం ఇంకా రాలేదు. మునెమ్మ ఉలవలు ఇంకా ఊడ్వలేదు. పొద్దు గూకింది. ఎర్రదీపం వెలగలేదు.

"చూసినావా!" అని మునెమ్మ గడపలోంచి అరిచింది. "శాంతించినాది తల్లి. పో, పో, ఎదురుపో!"

నేను లాంతరు వెలిగించుకుని పరిగెత్తాను. తలలో కనకాంబరాలున్నాయి. మలుపు అవతలి అంచుదాకా వెళ్ళి, లాంతరు తలపైకెత్తి ఊపాను. కింద లైట్లు రెండుసార్లు ఆరి వెలిగాయి. ఇన్నాళ్ళ తర్వాత! మూడో మలుపు. నాలుగు. ఇంజను చప్పుడు ముందుకంటే చురుగ్గా, పాట అందుకున్నట్టుగా వస్తోంది. ఐదు. నేను నవ్వుతున్నాను. ఆరు. మంచులోంచి తెల్లటి వెలుగు గోడలా లేచింది.

ఆ తర్వాత గింజల మీద టైర్లు జారిన చప్పుడు. ఇప్పటికీ ఇంట్లో చేటలో ఉలవలు పోస్తే ఆ చప్పుడే వినిపిస్తుంది. బస్సు ముక్కు నా వైపు తిరిగింది. లాంతరు వదిలేసి స్తంభం వెనక్కి దూకాను. అద్దం పగిలింది, వెలుగు ఆరింది, బస్సు ఆగింది.

లోపల పిల్లలు ఏడుస్తున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. బావ దిగాడు. ముందు టైరు కింద నా లాంతరు అప్పడంలా అణిగిపోయి ఉంది. వంగి, దాన్ని చేత్తో తాకాడు. నన్ను తాకలేదు. తాకడానికి భయపడ్డాడనుకుంటాను.

"నువ్వు కనపడినావని" అన్నాడు. "ఇన్ని దినాల తర్వాత కనపడినావని, తొందరగా..."



మర్నాడు మేడం స్టూలెక్కి తన చేత్తోనే ఆ పసుపు కడిగింది. మునెమ్మ కింద నిలబడి ఏడుస్తోంది. "కన్ను కప్పేస్తే అది ఈ మలుపును ఎలా చూస్తుందమ్మా?" అని మాత్రం అంది మేడం. కడిగి దిగి, షెడ్డులోకి వెళ్ళి, మిగిలిన స్తంభాలు చూసినదాన్నంతా తెర మీద పెట్టి, మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. తర్వాత నన్ను పిలిచింది.

"మంజువాణీ, ఈ గీత చూడు. మీ ఆయన బస్సు వేగం. చదునులో ఉన్న స్తంభం దగ్గర ఇక్కడ. నీ లాంతరు వెలగ్గానే ఇక్కడ. చాలా కొంచెమే పెరుగుతుంది, ఆయనకే తెలియనంత. మంచు లేని రోజుల్లో కూడా అంతే. అప్పుడు ప్రమాదం లేదు కాబట్టి మనం పట్టించుకోలేదు. మిషను గుర్తు పెట్టుకుంది. మంచు, ఉలవలు, తడి, దారిలో మనిషి, వాటి మీద ఈ కొంచెం తొందర. అన్నీ కలిస్తేనే హద్దు దాటుతోంది."

"అంటే ఇన్నాళ్ళూ చూపించిన చావు?"

"నీదే. నిన్న వచ్చినట్టే వస్తుందని."

రోజూ బావను రానివ్వడం లేదని నేను తిట్టుకున్న దీపం రోజూ నన్ను కాపాడిందన్నమాట. మా బావ చేతి నుంచి.

మేడం అద్దాలు తీసి తుడుచుకుంది. "గాలి, వాన, తారు, పశువులు, వెలుతురు, అన్నీ పెట్టాను ఇందులో. ఇది మాత్రం నాకు తట్టలేదు. నా కోసం తొందరగా ఇంటికొచ్చేవాళ్ళు ఎవరూ లేరు కదమ్మా, అందుకని."

ఆవిడ మామూలుగా, వాతావరణం చెప్పినట్టు చెప్పింది. ఆ పూట ఆవిడకు మా పేర్లున్న గ్లాసులోనే కాఫీ ఇచ్చాను.

లాంతరు మానేస్తే చాలనుకున్నాం. నేను ఇంట్లోనే ఉన్నాను, తలుపేసుకుని, దీపం కూడా పెట్టకుండా. అంకె కొంచెం తగ్గింది గానీ హద్దు దిగలేదు. గేటు పడింది. బావ ఒట్టు పెట్టుకుని నిదానంగా నడిపాడు. అయినా పడింది.

"కాలు నా మాట వినడం లేదబ్బా" అన్నాడు ఫోనులో. సిగ్నలు కోసం నేను మేడం షెడ్డులో ఉన్నాను. "నిదానం, నిదానం అని నోట్లో అనుకుంటానే ఉంటా. కాలు దాని పాటికి అది తొక్కుతా ఉంటాది."

"ఎందుకు బావా?"

"ఎందుకంటే ఏం చెప్పాల? నువ్వు చీకట్లో కూర్చోనుంటావని తెలుసు కదా."

అది విన్న రోజు నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు, భయంతోనూ పట్టలేదు.

మేడం ఒక దారి చెప్పింది. బావను వేరే రూటుకు మార్పించవచ్చు. అనంతపురం వైపు ఎక్కడైనా నైట్ హాల్టు. వారానికోసారి ఇంటికి రావచ్చు. లేదంటే చలికాలమంతా నేను పుట్టింట్లో ఉండాలి. ఫోనులో బావ రెండూ వద్దన్నాడు. కానీ ఆ గొంతులో బలం లేదు. అణిగిన లాంతరు ఆయన బస్సులో సీటు కిందే ఉంది.

నాకు మాత్రం ఆ జాకెట్ల రోజు గుర్తొచ్చింది. మంచు అదే, ఉలవలు అవే. బస్సు నింపాదిగా వచ్చింది. ఆ రోజు ఆయనకు ఇంట్లో ఎవరూ లేరని తెలుసు.

"మేడం, నేనున్నానని తెలిస్తే కాలు తొందరపడుతోంది. లేనని తెలిస్తే తొందరపడదు. తెలియకపోతే?"

మేడం తెర నుంచి నా వైపు తిరిగింది. "అంటే?"

"రోజూ మధ్యాహ్నం నాణెం ఎగరేస్తాను. బొమ్మ పడితే ఆటోలో పుట్టింటికి వెళ్ళిపోతాను. బొరుసు పడితే ఇంట్లో ఉంటాను. ఏది పడిందో బావకు తెలియదు. ఫోను చెయ్యను, దీపం పెట్టను, ఊళ్ళో ఎవరూ చెప్పరు. ఆయన సగం ఆశతో వస్తాడు."

"సగం ఆశతో వస్తే సగం తొందరే ఉంటుంది" అంది మేడం మెల్లగా. "అంకె దిగవచ్చు. కానీ మంజూ, ఇది నీకు కష్టం కాదూ?"

ఆవిడ నన్ను మంజూ అనడం అదే మొదటిసారి.

"ఇప్పుడు రోజూ రావడం లేదు కదా మేడం. అప్పుడు రోజూ ఇంటికైతే వస్తాడు. సగం రోజులు నేనుంటాను."

వారం చూశాం. అంకె దిగింది. ఎర్రదీపం వెలగలేదు. గేటు పడలేదు.

మేడం ఆ తర్వాత ఊరంతా తిరిగింది. పాలవ్యాను నడిపే అతని తల్లి కిటికీలో దీపం పెట్టి కూర్చుంటుంది. టమాటా లారీ అతని పిల్లలు గోడెక్కి హారను కోసం కాచుకుంటారు. వాళ్ళ వేగంలోనూ అదే కొంచెం తొందర. ఒక్కొక్కరికీ నచ్చజెప్పింది. ఇప్పుడు చలికాలం సాయంత్రాల్లో కోనమిట్టలో రోడ్డు వైపు ఒక్క దీపం ఉండదు. కిటికీలకు గోనెపట్టాలు. పిల్లలు వెనక గదుల్లో. ఎవరూ ఎవరికీ ఎదురురారు. కింద నుంచి చూస్తే ఈ కొండ మీద ఒక ఊరుందని తెలియదు.

ఈ చలికాలం మా ఘాట్లో ఒక్కరూ పోలేదు. పేపరువాళ్ళు వచ్చి మేడం ఫొటో తీసుకుని వెళ్ళారు. ఫొటోలో వెనక మా ఇల్లు కూడా పడింది, కిటికీ మూసి.

పుట్టింటికి వెళ్ళిన మర్నాడు పొద్దున నేను ఆటోలో పైకి వస్తుంటే బావ బస్సు కిందికి దిగుతుంది. మూడో మలుపులోనో నాలుగో మలుపులోనో ఎదురుపడతాం. రెండు బండ్లూ పక్కకు ఒదిగి, నెమ్మదిగా దాటుకుంటాయి. ఆ కాసేపట్లో ఆయన అద్దంలోంచి ఏదో ఒకటి విసురుతాడు, వేరుశనగ ఉండో, జామకాయో. నేను పట్టుకుంటాను. ఒక్కసారీ కింద పడనివ్వలేదు. ఆటో అతను చప్పట్లు కొడతాడు. ఆ రోజంతా ఆ జామకాయతోనే గడిచిపోతుంది నాకు.

మొన్న అలా తిరిగి వచ్చిన రోజు, వాకిట్లో ముగ్గేస్తుంటే మునెమ్మ వచ్చి గోడకానుకుని నిలబడింది. స్తంభానికి ఇప్పుడు ఆమె దూరం నుంచే దండం పెడుతుంది.

"ఒక మాట చెప్పేదా అమ్మణ్ణీ? రాత్రి నీ మొగుడు వచ్చినాడు. తాళముంది. చేత్తో తడిమి చూసినాడు, తాళం తగిలింది. తగిలినాక కూడా అడిగినాడు."

"ఏమని?"

"ఉండావా, అని. ఎన్నాళ్ళుగానో చూస్తా ఉండా. తాళముండే దినమల్లా అట్లే అడుగుతాడు. అడిగి, ఊఁ అని ఆయనే అనుకుని, నా దగ్గరికి వస్తాడు సంగటికి."

ముగ్గులో గీత ఎక్కడ ఆపానో నాకు కనబడలేదు.

ఆ మధ్యాహ్నం నాణెం ఎగరేశాను. బొరుసు.

సాయంత్రం వంట చేశాను. పొయ్యి ఆర్పాను. కనకాంబరాలు పెట్టుకున్నాను. తలుపు దగ్గరికేసి, దాని వెనకే చాప మీద కూర్చున్నాను, చేతిలో అగ్గిపెట్టెతో. చీకటి పడింది. నా చేతులు నాకే కనబడటం లేదు. మేడం షెడ్డులో కూడా దీపం లేదు. ఆవిడ అక్కడ అంకె ముందు, నేనిక్కడ తలుపు ముందు, మునెమ్మ తన గడపలో, ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఎవరి చీకట్లో వాళ్ళం, ఎవరి కోసమూ కానట్టు కూర్చున్నాం.

బస్సు వచ్చింది. ఒక్కో మలుపూ నెమ్మదిగా, బడలికగా, ఎవరూ లేని ఇంటికి వచ్చే మనిషిలా వచ్చింది. ఆ చప్పుడుకు నా గుండె నలిగిపోతుంది, కానీ అలా వచ్చినప్పుడే ఆయన క్షేమంగా వస్తున్నాడని అర్థం. ఏడో మలుపు తిరిగింది. ముందుకు పోయి ఆగింది. ఇంజను ఆగింది. జనం దిగి వెళ్ళిపోయారు.

అడుగులు. తొందర లేని అడుగులు. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగాయి.

ఇప్పుడు మా ఇద్దరి మధ్యా మలుపుల్లేవు. తలుపొక్కటే.

గొళ్ళెం మీద వేళ్ళు తాళం కోసం తడిమాయి. పైకి, కిందికి. తాళం తగల్లేదు. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. అవతల ఊపిరి కూడా ఆగినట్టు వినిపించింది నాకు.

"ఉండావా?"

అగ్గిపుల్ల గీశాను.